వేలికి అంటకపోతే ఆరినట్టేనా?

"పది నిమిషాల్లో ఆరిపోతుంది. పొద్దున మొదలుపెడితే సాయంత్రానికి వార్నిష్ కూడా వేసి చుట్టేయొచ్చు." అక్రిలిక్ రంగులు కొత్తగా పడుతున్నవాళ్ళ కోసం చెప్పిన ఒక పాఠంలో ఈమధ్య విన్న మాట ఇది. మొదటి వాక్యంలో తప్పేమీ లేదు. పలచగా వేసిన పూత పది నిమిషాల్లో, ఒక్కోసారి అంతకంటే ముందే, వేలికి అంటకుండా పోతుంది. తప్పంతా రెండో వాక్యంలో ఉంది. మొదటిది నిజం కాబట్టి రెండోదీ నిజమే అయ్యుంటుందని నమ్మేస్తాం. మసకబారిన వార్నిష్‌లు, ఒకదాన్నొకటి కరుచుకుపోయిన కాన్వాసులు, నెర్రెలిచ్చిన పూతలు చాలావరకు ఆ నమ్మకం దగ్గరే మొదలవుతాయి.

అక్రిలిక్ తొందరగా పైతడి ఆరే రంగు. తొందరగా తయారయ్యే రంగు మాత్రం కాదు. మందంగా వేస్తే ఆయిల్ రంగుతో పోటీపడేంత నిదానం దానిది. ఈ రెండు సంగతులకూ "ఆరింది" అనే ఒకే మాట వాడుతున్నాం. పేచీ అక్కడే వస్తోంది.

లోతడి అనే సంగతి

ట్యూబులో ఉన్న అక్రిలిక్‌లో ప్లాస్టిక్ నీటిలో కరిగి ఉండదు. మిల్లీమీటరులో పదివేలవ వంతు ఉండే గుండ్రటి రేణువులుగా నీటిలో తేలుతుంటుంది. అవి ఒకదానికొకటి అంటుకుని గడ్డకట్టకుండా వాటి చుట్టూ సర్ఫాక్టెంట్లు అనే సబ్బులాంటి పదార్థాలు కాపలా కాస్తుంటాయి. ద్రవాన్ని క్షారగుణంలో, అంటే పీహెచ్ 9కి అటూఇటూగా, నిలపడానికి కాస్త అమ్మోనియా ఉంటుంది. మూత తీయగానే ముక్కుకు తగిలే ఘాటు దానిదే. చిక్కదనానికి ఒకటి, నురగ రాకుండా ఒకటి, బూజు పట్టకుండా ఒకటి, చలికి గడ్డకట్టకుండా గ్లైకాల్, రేణువుల్ని కాసేపు మెత్తబరచడానికి నిదానంగా ఆవిరయ్యే ద్రావకం కొద్దిగా. మనం కాన్వాసు మీద పూసేది ఇంతమందిని. వీళ్ళంతా పది నిమిషాల్లో ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోరు.

ముందు నీరు కదులుతుంది. పైనుంచి గాలిలోకి, కిందనుంచి కాన్వాసులోకి. రేణువులు దగ్గరపడతాయి, వాటి సందుల్లో మిగిలిన కాస్త నీరు వాటిని ఒకదానిమీదికొకటి లాగి నొక్కుతుంది. గుండ్రటివి కాస్తా తేనెపట్టు గదుల్లా పలకలు తేలి, ఖాళీ లేకుండా సర్దుకుంటాయి. వేలికి అంటనిది ఈ దశలోనే. ఇక్కడితో మొదటి ఆరడం అయింది.

రెండోది ఇక్కడినుంచే మొదలవుతుంది. ఆ గదుల మధ్య గోడలు చెరిగిపోవాలి. ఒక రేణువులోని పాలీమర్ (ప్లాస్టిక్) గొలుసులు పక్క రేణువులోకి చొరబడి అల్లుకోవాలి. అప్పుడే పొరకు అసలు బలం. ఈలోపు, లోపల చిక్కుకున్న నీరు, ద్రావకం, గ్లైకాల్ మూసుకుపోయిన పైపొరలోంచే దారి వెతుక్కుంటూ బయటికి రావాలి. పాలమీద తొరక కట్టాక కింద పాలు ఎంత వేడిగా ఉంటాయో పైకి తెలియదు కదా, ఇదీ అంతే. పైన గట్టిగా, కింద పచ్చిగా. ఆ పచ్చినే లోతడి అంటున్నాను.

ఇలా బయటికి రావడానికి పట్టే కాలం మందంతోపాటు సూటిగా పెరగదు, దాదాపు మందం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. పూత మందం రెట్టింపైతే సమయం నాలుగు రెట్ల వైపు పోతుంది. కుంచెతో మామూలుగా వేసిన పలచటి పూతకు మూడు రోజులు చాలు. ఒక మిల్లీమీటరు ఉన్న చోట వారాలు లెక్కపెట్టుకోవాలి. 6 మిల్లీమీటర్లు, ఆపైన ఉన్న జెల్ (రంగు కలపని చిక్కటి అక్రిలిక్) పొరలకు నెలలు, కొన్నిసార్లు సంవత్సరాలు కూడా పడుతుంది. రంగులు పూసే కత్తితో గుత్తంగా పెట్టిన రంగు మీద మర్నాడు వేలు పెట్టి "ఆరింది" అనడం ఎంత తొందరపాటో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఆయిల్ రంగుతో పోల్చేటప్పుడు ఇంకో తేడా గుర్తుంచుకోవాలి. అవిసె నూనె గాలిలోని ప్రాణవాయువును తీసుకుని రసాయనికంగా మారిపోతుంది, ఆ క్రమంలో కొంత బరువు పెరుగుతుంది కూడా. అక్రిలిక్‌లో అలాంటి రసాయన మార్పు ఉండదు. అది పోగొట్టుకునేదే తప్ప తీసుకునేది లేదు. ఈ చిన్న తేడా తరవాత మనకు చాలా పనికొస్తుంది.

గోడ నుంచి వచ్చిన మాట

"తొందరగా ఆరుతుంది" అనే పేరు ఈ రంగుకు ఎలా వచ్చింది? దాని పుట్టుక చూస్తే కొంత అర్థమవుతుంది. 1940ల చివర్లో లెనార్డ్ బోకూర్, శామ్ గోల్డెన్ తయారుచేసిన మాగ్నా కూడా అక్రిలిక్కే, కానీ అది నీటి ఎమల్షన్ (నీటిలో ప్లాస్టిక్ రేణువులు తేలే ద్రవం) కాదు, టర్పెంటైన్‌లో కరిగే రెసిన్. అమెరికా చిత్రకారులు మోరిస్ లూయిస్, రాయ్ లిక్టెన్‌స్టైన్ వాడింది అది. మనం ఇవాళ వాడుతున్న నీటి అక్రిలిక్‌కు దారి వేసింది గోడరంగుల పరిశ్రమ. రోమ్ అండ్ హాస్ సంస్థ 1953లో ఇంటి రంగుల కోసం రోప్లెక్స్ ఏసీ-33 అనే ఎమల్షన్ తెచ్చింది. 1950ల మధ్యలో సిన్సినాటీలోని హెన్రీ లెవిసన్ లిక్విటెక్స్ పేరుతో చిత్రకారుల కోసం నీటి అక్రిలిక్ తయారుచేశాడు. ఇంగ్లండులో రౌనీ సంస్థ నీటి అక్రిలిక్ క్రిలా 1963లో వచ్చింది.

గోడకు వేసే పూత ఆరాక తలవెంట్రుక మందానికి మించి ఉండదు. అంత పలచటి పూత పొద్దున వేస్తే మధ్యాహ్నానికి రెండోది వేయొచ్చు, సాయంత్రానికి సామాను సర్దుకోవచ్చు. గోడ విషయంలో అది ముమ్మాటికీ నిజం. చిత్రకారుడు అదే ఎమల్షన్‌ను చిక్కగా చేసి ట్యూబులోంచి పిండి, కత్తితో కుప్పపోస్తాడు. రంగు మారింది, మందం మారింది, వాడే తీరు మారింది. మాట మాత్రం గోడ మందానికి చెప్పిందే మిగిలిపోయింది.

తొందర ఎక్కడెక్కడ బయటపడుతుంది

అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది వార్నిష్ దగ్గర. లోతడి ఇంకా ఉన్న బొమ్మ మీద వార్నిష్ వేస్తే, బయటికి వస్తున్న నీటికి ఇంకో మూత పెట్టినట్టే. మూడు నాలుగు రోజుల్లో ముదురు రంగులమీద పాలలాంటి మసక కనిపిస్తుంది. నలుపు బూడిదగా, ముదురు నీలం సుద్ద కలిసినట్టుగా అవుతుంది. వార్నిష్ కంపెనీది చెడ్డదని సీసా మారుస్తారు. రెండో సీసాతోనూ అదే జరుగుతుంది. సీసాలో ఏ లోపమూ లేదు, కింది పొర ఇంకా తయారవలేదు. అక్రిలిక్ తడిగా ఉన్నప్పుడు తెల్లగా కనిపించడానికి కారణం నీటికీ ప్లాస్టిక్‌కూ వెలుగును వంచే గుణంలో తేడా ఉండటం: నీటిది 1.33, అక్రిలిక్‌ది 1.48 దరిదాపుల్లో. రెండూ కలిసి ఉన్నంతకాలం వెలుగు చెదురుతుంది, తెల్లదనం కనబడుతుంది. రంగు ఆరాక ఒక ఛాయ ముదురుకావడమూ, తడి చిక్కుకున్న చోట మసక కనబడటమూ ఒకే కారణానికి రెండు ముఖాలు.

రెండోది ప్యాకింగ్. ఈ పాలీమర్ పదో, పదిహేనో డిగ్రీల సెల్సియస్‌కు పైన మెత్తగానే ఉండేలా తయారుచేస్తారు. అలా లేకపోతే గది వేడిలో రేణువులు కలిసి పొర కట్టవు. అంటే పూర్తిగా తయారైన పొర కూడా వేడిగా ఉన్న రోజున కొంచెం మెత్తగా, ఒత్తిడి తగిలితే అంటుకునేలానే ఉంటుంది. ఇక లోతడి ఉన్న పొర సంగతి చెప్పనే అక్కర్లేదు. బుడగల ప్లాస్టిక్‌ను బుడగలు లోపలికి పెట్టి చుడితే వారం తరవాత విప్పేసరికి బొమ్మంతా గుండ్రటి అచ్చులు. రెండు కాన్వాసులు ముఖాముఖి పెట్టి కట్ట కడితే, విడదీసేటప్పుడు ఒక బొమ్మలోని ఆకాశం ఇంకో బొమ్మ మీదికి వెళ్ళిపోతుంది. తప్పనిసరిగా చుట్టాల్సివస్తే బొమ్మ ముఖానికి సిలికాన్ పూత ఉన్న కాగితం తగిలించి, రంగు బయటివైపు ఉండేలా లావుపాటి గొట్టానికి చుట్టాలి. లోపలివైపు చుడితే పొర నలిగి ముడతపడుతుంది. పదో డిగ్రీకి దిగువన చుట్టడం, విప్పడం రెండూ వద్దు, అప్పుడు పొర పెళుసుగా ఉండి చిట్లుతుంది.

పోసే రంగుల సంగతి వేరే చెప్పాలి. జెల్‌నో పలచటి రంగునో పలక మీద మడుగులా పోస్తే, పైభాగం ముందు ముదురుతుంది, కింద ద్రవం ఇంకా నీరు పోగొట్టుకుంటూ కుంచించుకుపోతూ ఉంటుంది. ఎమల్షన్ బరువులో దాదాపు సగం నీరే కాబట్టి ఆ కుంచించుకోవడం కొద్దిపాటిది కాదు. బిగిసిన పైపొర ఆ లాగుడు తట్టుకోలేక చెరువు అడుగులా నెర్రెలిస్తుంది. ఇక్కడ మనవాళ్ళు చేసే పెద్ద పొరపాటు ఫ్యాను పెట్టడం, ఇంకా దారుణం హెయిర్ డ్రయ్యర్ పెట్టడం. పైన వేడిగాలి తగిలేకొద్దీ తొరక త్వరగా కట్టి నెర్రెలు పెరుగుతాయి. చేయాల్సింది దానికి తలకిందులు. గది 20 నుంచి 25 డిగ్రీల మధ్య ఉండాలి. పలకను రసమట్టంతో (స్పిరిట్ లెవెల్‌తో) చదునుగా సరిచూసుకోవాలి. పోసిన వెంటనే పైన అట్టపెట్టె బోర్లించి, ఒక మూల వేలెడు సందు ఉంచాలి. పోత 3 మిల్లీమీటర్లు దాటకూడదు. అంతకంటే మందం కావాలంటే ఇంకోసారి పోయాలి, మధ్యలో మూడు నాలుగు రోజులు ఆగి.

మాస్కింగ్ టేపు చిక్కు చిన్నదే కానీ రోజూ ఎదురయ్యేది. గంట క్రితం వేసిన పూత మీద టేపు అంటించి, దాని పక్కన ఇంకో రంగు వేసి, టేపు లాగితే కింది పూత తోలులా లేచి వస్తుంది. కింది పొర గోడలింకా చెరగలేదు, గెస్సోను, అంటే రంగుకు ముందు కాన్వాసుకు వేసే తెల్లటి పూతను, పట్టుకునే బలం ఇంకా రాలేదు. రాత్రంతా వదిలేసి అంటిస్తే ఇందులో సగం తగ్గిపోతుంది. టేపు తీసేటప్పుడు పైకి కాకుండా తన మీదికే మడిచి, ఉపరితలానికి దగ్గరగా వెనక్కి లాగాలి.

ఆయిల్ రంగులవాళ్ళు కూడా ఈ తొందరకు బలవుతారు, తెలియకుండానే. ఇవాళ గెస్సో పేరుతో వచ్చేది ఎక్కువగా సుద్ద, టైటానియం తెలుపు కలిపిన అక్రిలిక్ ఎమల్షనే. రాత్రి గెస్సో వేసి పొద్దున ఆయిల్ రంగు మొదలుపెడితే, ఇంకా నీరు వదులుతున్న పొర మీద నూనె పొర పరిచినట్టు. కనీసం మూడు రోజులు ఆగాలి. తరవాత ఎప్పుడో పొరలు విడిపోతే నూనెనో కాన్వాసునో తిట్టుకుంటాం, ఆ ఒక్క రాత్రి ఎవరికీ గుర్తురాదు.

ఇంకొకటి, బాగా తెలిసినవాళ్ళు కూడా పట్టించుకోనిది. పారదర్శక జెల్‌ను నేరుగా నూలు కాన్వాసు మీదో హార్డ్‌బోర్డు మీదో మందంగా వేస్తే, కొన్ని వారాల్లో అది పసుపుపచ్చగా, టీ మరకలా మారుతుంది. జెల్ పాడవలేదు. జెల్‌లోని నీరు బట్టలోకో చెక్కలోకో దిగి, అక్కడ నీటిలో కరిగే గోధుమరంగు పదార్థాలను కరిగించుకుని, ఆరుతూ ఆరుతూ వాటిని పైకి మోసుకొస్తుంది. పూత ఎంత మందంగా ఉండి ఎంత ఆలస్యంగా ఆరితే అంత మరక. అందుకే ముందు మరక ఆపే మీడియం (రంగు కలపని అక్రిలిక్ ద్రవం) రెండు పూతలు పలచగా వేసి, ఒక్కోదాన్ని విడిగా ఆరనిచ్చి, తరవాతే గెస్సో వేయాలి. గెస్సో ఒక్కటే ఈ పని చేస్తుందని అనుకోవడం పొరపాటు.

తెల్లటి పొగ

బొమ్మ పూర్తయి రెండు మూడు వారాలయ్యాక ముదురు రంగుల మీద పలచటి తెల్లటి పొగలాంటిది కనిపించిందని, బూజు పట్టిందని కంగారుపడేవాళ్ళున్నారు. చాలాసార్లు అది బూజు కాదు. మొదట చెప్పుకున్న సర్ఫాక్టెంట్లు పొర ఆరేకొద్దీ ఉపరితలానికి చేరి మిగిలిపోయినవి. వర్ణకం (రంగునిచ్చే పొడి) ఎంత సన్నగా నూరితే దాన్ని చెదరగొట్టి ఉంచడానికి అంత ఎక్కువ సర్ఫాక్టెంట్ పడుతుంది కాబట్టి కొన్ని రంగుల్లో ఇది ఎక్కువ. శుభ్రమైన దూది ముక్కను డిస్టిల్డ్ వాటర్‌లో తడిపి, గట్టిగా పిండి, ఒక మూల మెల్లగా ఒత్తి చూడండి. పొగ పోయి దూదికి రంగు అంటకపోతే సర్ఫాక్టెంటే.

కొత్త బొమ్మ మీద వార్నిష్‌కు ముందు దీన్ని తుడిచేయడం మంచిదే. కానీ పూత వేసిన మూడు రోజుల్లోపు, మందంగా ఉంటే రెండు వారాల్లోపు, తడిగుడ్డ తగలనీయొద్దు. ఆ వయసులో పొర నీటికి ఉబ్బుతుంది, రంగు కదిలివస్తుంది. పాత బొమ్మల విషయంలో మాత్రం మనం చెయ్యి పెట్టకపోవడమే నయం. టేట్, గెట్టీ కన్సర్వేషన్ ఇన్‌స్టిట్యూట్ లాంటి సంస్థల్లోని నిపుణులు ఏళ్ళ తరబడి తలపట్టుకున్నది ఈ తుడవడం గురించే: వట్టి నీరు పొరను ఉబ్బిస్తుంది, పీహెచ్ పెరిగేకొద్దీ ఉబ్బు పెరుగుతుంది, తుడిచిన ప్రతిసారీ పొరలోంచి ఏదో ఒకటి వెళ్ళిపోతుంది. వాళ్ళు నీటికి కాస్త ఆమ్లగుణమూ లవణాల పాలూ సర్ది వాడతారు, మన సింకులో వచ్చే నీటితో చేసే పని కాదది.

ఎదురు చెప్పేవాళ్ళ మాటలో పస

"ఏళ్ళ తరబడి మర్నాడే వార్నిష్ వేస్తున్నాం, ఏమీ కాలేదు" అనేవాళ్ళ మాట కొట్టిపారేయలేం. వాళ్ళ పద్ధతి చూస్తే కారణం దొరుకుతుంది. పలచటి పూతలు, నీరు పీల్చే గెస్సో, వెనకవైపు గాలి తగిలే కాన్వాసు, పొడి వాతావరణం. అక్రిలిక్ పొర ఆవిరిని కొంత బయటికి పోనిస్తుంది, కాన్వాసైతే రెండువైపులా పోనిస్తుంది. ఇవన్నీ కలిసివచ్చినచోట ఒక రోజు కూడా సరిపోవచ్చు. అదే మనిషి అదే రంగును ప్లాస్టిక్ షీటు మీదో, వెనక రంగు పూసిన పలక మీదో, గాలిలో తేమ 75 శాతం దాటిన రోజుల్లోనో వేస్తే లెక్క తప్పుతుంది. పదో డిగ్రీకి దిగువ చలిలో అయితే పొర అసలు సరిగ్గా కట్టదు. నీరు వెళ్ళిపోయినా రేణువులు కలవక, పొర పొడిపొడిగా, బలం లేకుండా మిగిలిపోతుంది. తరవాత వేడి చూపించినా పూర్తిగా సరికాదు.

ఇంకో వాదన నాకు ఇంకా బలంగా అనిపిస్తుంది: ఆ వేగమే అక్రిలిక్ ప్రాణం, దాన్ని తీసేస్తే ఇక దాని గొప్పేమిటి? ఒక పూట కూర్చుని పారదర్శకమైన పది పొరలు ఒకదానిమీదొకటి వేయడం, కింది రంగు కదలకుండా గీత దిద్దడం ఆయిల్‌లో కుదరదు. దీన్ని నేను కాదనను. పొర మీద పొర వేయడానికి వేలికి అంటకపోతే చాలు, పలచగా ఉన్నంతవరకు. నా అభ్యంతరం పని మధ్యలో వేగం మీద కాదు. ముగించే వేగం మీద, అంటే మూతపెట్టే పనుల మీద: వార్నిష్, ఫ్రేము అద్దం, ప్యాకింగ్, టేపు, పైన నూనె.

కొందరు దీన్ని ఇంకోవైపు నుంచి చూసి, ఆరడాన్ని ఆలస్యం చేసే రిటార్డర్ కలిపితే సమస్య పోతుందంటారు. పోదు, మారుతుంది. రిటార్డర్‌లో ఎక్కువగా ఉండేది గ్లైకాల్ జాతి ద్రవం. దాన్ని కూడా పొర బయటికి పంపాలి. రంగులో పదిహేను శాతం లోపు పరవాలేదు. చెంచాలతో పోస్తే వారాలైనా జిగటగానే ఉండే పొర వస్తుంది, దాని మీద పడ్డ దుమ్ము అక్కడే ఉండిపోతుంది. ప్యాలెట్ మీద రంగు ఎండకుండా ఉండటమే కావాల్సిందైతే, తడి స్పాంజి మీద వెన్నకాగితం పరిచి దాని మీద రంగు పెట్టుకోవడం మేలు. కాన్వాసు మీద రంగు కలుపుకునే తీరిక కావాలంటే, 2008లో గోల్డెన్ సంస్థ "ఓపెన్" పేరుతో తెచ్చినలాంటి నిదానపు అక్రిలిక్‌లు ఉన్నాయి. వాటిమీద వార్నిష్‌కు పలచటి పూతకే నెల రోజులు ఆగాలి.

ఎన్ని రోజులన్నది ఎలా తెలుసుకోవాలి

అంకె ఒక్కటి చెప్పమంటారు. ఉజ్జాయింపుగా చెప్పాలంటే పలచటి పూతలకు మూడు రోజులు, కుంచె గీతలు పైకి తేలినవాటికి రెండు వారాలు, కత్తితో పెట్టినవాటికి రెండు నెలలు, అంతకంటే మందమైతే ఇంకా ఎక్కువ. కానీ మీ గది తేమ, మీ పలక, మీ చేతి మందం నాకు తెలియవు. అందుకని ఈ పద్ధతిని నేను ఎక్కువ నమ్ముతాను.

బొమ్మ మొదలుపెట్టినప్పుడే అరచేతి సైజు గాజు ముక్క ఒకటి పక్కన పెట్టుకోండి. దాని బరువు 0.1 గ్రాము వరకు చూపించే త్రాసు మీద తూచి రాసుకోండి. బొమ్మలో అన్నిటికంటే మందంగా ఉన్న చోట ఏ రంగు, ఎంత మందాన పెట్టారో అంతే గాజు మీద పెట్టి మళ్ళీ తూచండి. అక్రిలిక్ పోగొట్టుకోవడమే తప్ప తీసుకోవడం లేదని చెప్పుకున్నాం, ఆ గుణం ఇక్కడ ఉపయోగపడుతుంది. మొదటివారం రోజూ, ఆ తరవాత వారానికోసారి తూచండి. బరువు మొదట గబగబా, తరవాత మెల్లగా తగ్గుతుంది. వరసగా మూడు తూకాలు మారకపోతే లోతడి పోయినట్టు. గాజుకు ఒకవైపు నుంచే ఆరుతుంది కాబట్టి బొమ్మ అంతకంటే ముందే ఆరి ఉంటుంది, మన తప్పు భద్రంగా ఉండే వైపే పడుతుంది. చెక్కనో అట్టనో వాడకండి, గాలిలోని తేమకు వాటి బరువే మారుతూ లెక్క చెడగొడుతుంది.

త్రాసు లేనివాళ్ళు గాజును తిప్పి వెనకనుంచి చూస్తే చాలు. పారదర్శక జెల్ అయితే పచ్చిగా ఉన్నచోట నీలి తెలుపు మసక స్పష్టంగా కనబడుతుంది. రంగైతే అంచున బ్లేడుతో నిలువుగా కోసి, కోసిన ముఖం చూడాలి: పైన ముదురు, లోపల లేతగా ఉంటే ఇంకా సమయముంది. చేతి వెనక భాగాన్ని బొమ్మకు తాకించడం ఇంకో పద్ధతి. నీరు ఆవిరవుతున్న చోట పక్కవాటికంటే చల్లగా తగులుతుంది. ఇది మొదటి కొన్ని రోజులకే పనికొస్తుంది. చల్లదనం లేదంటే నీరు పోయిందని అర్థం కాదు, నెమ్మదించిందని మాత్రమే.

ఆరిందని తేలాక కూడా నేరుగా వార్నిష్‌కు వెళ్ళొద్దు. మెరుపుండే మెత్తటి జెల్ రెండు పాళ్ళు, నీరు ఒక పాలు కలిపి, నురగ రాకుండా మెల్లగా తిప్పి, వెడల్పాటి మెత్తటి కుంచెతో ఒక పూత వేయండి. తరవాత ఎప్పుడైనా వార్నిష్ తీయాల్సివస్తే ద్రావకం రంగును తాకకుండా కాపాడేది ఈ అడ్డుపొరే. ఇదీ అక్రిలిక్కే కాబట్టి దీనికీ రెండు మూడు రోజులు. అన్ని వారాలు ఓపికపట్టి ఈ పూత దగ్గర గంటలో వార్నిష్ వేసి చెడగొట్టుకునేవాళ్ళు తక్కువేమీ లేరు.

ఇప్పటికే వేసేసి ఉంటే

వార్నిష్ మసకబారిన బొమ్మను వెంటనే తుడవబోకండి. గోడకు ఆనించకుండా, వెనకకు గాలి తగిలేలా, 25 డిగ్రీల దరిదాపుల్లో పొడిగా ఉన్న గదిలో నిలబెట్టి నాలుగు వారాలు వదిలేయండి. కారణం నీరే అయితే చాలాసార్లు అది నెమ్మదిగా వెళ్ళిపోయి రంగు తేటపడుతుంది. ఎండలో పెట్టొద్దు. తేటపడకపోతే, అడ్డుపొర వేసి ఉంటేనే వార్నిష్ తీసే ఆలోచన చేయాలి, అదీ ఆ వార్నిష్‌కు తయారీదారు చెప్పిన ద్రావకంతోనే. ఖనిజ ద్రావకంతో పోయేవి కొన్ని, అమ్మోనియా నీటితో పోయేవి కొన్ని. అడ్డుపొర లేకపోతే అవి కింది రంగును కూడా లేపే ప్రమాదం ఉంది. ముఖ్యంగా అమ్మోనియా.

అంటుకుపోయిన ప్లాస్టిక్‌నో కాగితాన్నో బలవంతాన లాగొద్దు, వేడి అసలే చూపించొద్దు. వేడికి పొర ఇంకా మెత్తబడి ఇంకా గట్టిగా కరుచుకుంటుంది. బొమ్మ చిన్నదైతే గట్టి అట్ట మీద చదునుగా పరిచి, తేమ తగలకుండా సంచిలో పెట్టి, చల్లబరచండి. పొర బిగుసుకుని అంటుకునే గుణం తగ్గాక ప్లాస్టిక్‌ను తన మీదికే మడుస్తూ, బొమ్మకు దాదాపు సమాంతరంగా, అంగుళం అంగుళంగా తీయాలి. ఆ చలిలో పొర పెళుసుగా ఉంటుంది, కాన్వాసును వంచకూడదు, వేలితో వెనకనుంచి నొక్కకూడదు. తీసిన తరవాత మామూలు వేడికి వచ్చేదాకా దాన్ని అలాగే పడుకోబెట్టి ఉంచండి.